అమ్మ పాటలకి చోటు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా చెల్లెలి కూతురు నా మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, "పెద్దమ్మా, ఊరు చెప్పు" అంది. ఏ ఊరే అన్నాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లంకల్లోనూ, గోదారి గట్ల వెంటా తిరిగి రికార్డు చేసిన పాటల క్యాసెట్లు నలభై పైచిలుకు ఉన్నాయి నా దగ్గర. ఆ పిల్ల నాలుగు నెలలుగా ఒక్కొక్కటీ ఓపిగ్గా కంప్యూటర్లోకి ఎక్కించింది. ఇక వాటిని క్లౌడ్‌లో దాచాలిట. పేరుకి మేఘమే గాని, అది కూడా ఎక్కడో ఒక ఊళ్లో, నాలుగు గోడల మధ్య, చల్లటి గదుల్లో బీరువాల్లాంటి యంత్రాలై నేల మీదే ఉంటుందనీ, ఆ ఊరేదో ముందే మనం ఎంచుకోవాలనీ, ఒకసారి ఎంచుకున్నాక మార్చడం పెద్ద పని అనీ నాకు అర్థమయ్యేలా చెప్పింది. తెర మీద వరసగా ఊళ్ల పేర్లున్నాయి. ముంబై, హైదరాబాదు, సింగపూరు, ఆ కింద నేనెప్పుడూ వినని పేర్లు ఇంకో పదో పన్నెండో.

"రాజమండ్రి లేదుటే?" అని అడిగాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గాని, నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. ఎందుకంటే ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పాటలు ఎక్కడ దాచాలి అని ఇదివరకోసారి తేల్చవలసి వచ్చినప్పుడు తేల్చింది నేనే. అప్పుడు నేను తప్పు చేశాను.

నాకు ఇరవై నాలుగో ఏట రాజమండ్రి ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం రాగానే అందరూ గొలుసో గాజులో చేయించుకుంటే నేను టేపు రికార్డరు కొనుక్కున్నాను. మా వారు ఎగతాళి చేస్తూనే ఆదివారం ఆదివారం బ్యాటరీల సంచీ భుజాన వేసుకుని నా వెంట బయల్దేరేవారు. లాంచీ ఎక్కి పోలవరం దాటి పైకి వెళ్లి పడవవాళ్ల పాటలు పట్టాం. సముద్రం వైపు వెళ్లి వలలు బాగుచేసుకుంటున్న బెస్త ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాం. అయితే మొట్టమొదటి క్యాసెట్టు మాత్రం మా అమ్మది. మా పుట్టిల్లు కోనసీమలో, గోదారి పాయల మధ్య ఒక లంక. మాకున్న రెండెకరాల్లో అమ్మ కూలివాళ్లతో కలిసి తనే ఊడ్పులు ఊడ్చేది. నీళ్లలో వంగి, ఎడమ చేతిలో నారుకట్ట పట్టుకుని పాడేది. లేచి నిలబడి పాడమంటే ఒక్క ముక్క గుర్తొచ్చేది కాదు. "వంగితేనే వస్తాయే అమ్మాయ్, నిలబడితే దిగిపోతాయి" అనేది. అందుకని రికార్డరు ప్లాస్టిక్కు సంచీలో పెట్టుకుని నేను కూడా పొలంలోకి దిగవలసి వచ్చింది. అలా అమ్మవి ఆరు క్యాసెట్లయ్యాయి.

రికార్డు చేయడం ఒక ఎత్తయితే దాచడం మరో ఎత్తు. మేముండే అద్దింటి పెంకులు వానాకాలం మూడు చోట్ల కారేవి. క్యాసెట్ల మీద తెల్లటి బూజు పట్టడం చూసి మా వారు వాటిని వంతెన దాటించి కొవ్వూరులో వాళ్లక్కగారింటికి చేర్చారు. ఆవిడని నేను వదినగారూ అని పిలిచేదాన్ని. మేడ ఇల్లు, ఇనప బీరువా, మడీ ఆచారం, మాట ఖరాఖండీ. నేను ఊళ్ల వెంట తిరగడం ఆవిడకి బొత్తిగా నచ్చేది కాదు. పొలాల్లో పాడే పాటలంటే ఆవిడకి చులకన అని నా నమ్మకం. అయినా క్యాసెట్లు తీసుకెళ్తే పై అరలో తన పట్టుచీరల పక్కన చోటు చేసి, కలరా ఉండలు వేసి, తాళం వేసింది.

రెండేళ్లు అక్కడ అవి క్షేమంగా ఉన్నాయి. ఆ తరవాత ఒక వేసవిలో నేను పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మ అడిగింది. అమ్మ ఎన్నడూ ఏదీ అడిగే మనిషి కాదు.

"నా పాటలు ఎక్కడున్నాయే?"

"కొవ్వూరులో, వదినగారి బీరువాలో."

"బీరువాలో ఏంటే? పాడినదాన్ని ఇక్కడుంటే పాటలు కొవ్వూరులో ఎందుకు? నా పక్కన ఊడ్చే పిల్లలకి సగం పాటలు రావు. విని నేర్చుకుంటారు కదా. నా దగ్గర ఉంచవే."

అన్నయ్య అప్పటికే ఒక పాత టేపు రికార్డరు ఇంట్లో పెట్టాడు కూడా. అమ్మ అన్నదాంట్లో న్యాయం ఉందనిపించింది నాకు. ఎవరూ వినని చోట తాళం వేసి ఉంచడానికా నేను ఇంత తిరిగింది? కొవ్వూరు వెళ్లి అమ్మ క్యాసెట్లు ఆరూ ఇమ్మని అడిగాను. వదినగారు వెంటనే ఇవ్వలేదు.

"లంకలోనా? ఏటేటా గోదారి గుమ్మంలోకి వచ్చే చోట పెడతావా?"

"మా అమ్మ గొంతు మా అమ్మ దగ్గర ఉంటే తప్పేంటండీ? మీకు విన బుద్ధి కాకపోతే మానండి" అనేశాను. ఆవిడతో అంత మాట అనడం అదే మొదలు. ఆవిడ "వచ్చే ఆదివారం రా, ఇస్తాను" అంది. ఆ వారం రోజులు ఎందుకు ఆపిందో నాకు అర్థం కాలేదు. కావాలని తిప్పుకుంటోందనుకున్నాను.

ఆ వానాకాలం లంకలో ఊడ్పులకి ముందు సాయంత్రాలు మా అరుగు మీద పది మంది ఆడపిల్లలు చేరి అమ్మ క్యాసెట్లు వినేవారని అన్నయ్య ఉత్తరం రాశాడు. అమ్మ తన గొంతుకి తనే తప్పులు దిద్దేదిట. ఆ ఉత్తరం నేను స్టాఫు రూములో అందరికీ చదివి వినిపించాను. నేను చేసిన పనికి అంతకన్నా సార్థకత ఏముంటుందనుకున్నాను. ఇప్పటికీ ఆ మాట అబద్ధమని అనలేను.

ఉత్తరం వచ్చిన మూడు వారాలకి గోదారి పొంగింది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్నారు, మర్నాడు రెండోది, ఆ మర్నాడు మూడోది. రాజమండ్రిలో మేము గట్టు మీద నిలబడి చూస్తే ఎర్రటి నీళ్లలో గడ్డివాములూ, తాటి దూలాలూ కొట్టుకుపోతున్నాయి. కబురు తెలిసే దారి లేదు. నాకు ఆ రోజుల్లో క్యాసెట్లు గుర్తుకే రాలేదని చెప్పుకోవాలి. అమ్మ ఎలా ఉందో అన్నదొక్కటే.

అన్నయ్య అమ్మనీ, పిల్లల్నీ నాటు పడవలో ఎక్కించి ఏటిగట్టు మీదికి చేర్చాడు. గేదెలు ఈదుకుంటూ వచ్చాయి. క్యాసెట్ల డబ్బా అటక మీద ఉంది కదా, అంత ఎత్తుకి నీళ్లు రావులే అనుకున్నారు. నీళ్లు రాలేదు. కింద మట్టిగోడ నాని కూలిపోయింది, అటక దానితో పాటు వచ్చి బురదలో పడింది.

నేను వెళ్లేసరికి అయిదారు రోజులైంది. అమ్మ పెరట్లో దండెం కట్టి, క్యాసెట్లు రాళ్లతో పగలగొట్టి, ఆ గోధుమరంగు రీలంతా బయటికి లాగి, శుభ్రమైన నీళ్లలో జాడించి, చీరల్లాగా ఎండలో ఆరేసింది. గాలికి ఆ రీళ్లు మెరుస్తూ ఊగుతున్నాయి. "ఎండితే పలుకుతాయేమో చూడవే" అంది. మా వారు ఒక రీలుని వేరే క్యాసెట్టులోకి చుట్టి పెట్టి చూశారు. గరగరమని ఏదో మూలుగు తప్ప ఏమీ రాలేదు. అమ్మ కాసేపు విని, "అది నేను కాదులే" అని లోపలికి వెళ్లిపోయింది. తనడిగింది కాబట్టే పోయాయని ఒకసారి అన్నయ్య భార్యతో అందిట.

మళ్లీ రికార్డు చేద్దాం అనుకున్నాం. గట్టు మీద వానలో తడిసిన జలుబు అమ్మకి ఆయాసంగా తిరిగి, మరుసటి ఏడు ఊడ్పులకి పొలంలో దిగలేకపోయింది. గడప మీద కూర్చుని ప్రయత్నించింది. పల్లవి అందుకునేది, రెండో చరణం దాకా ఊపిరి నిలిచేది కాదు. "వంగాలే" అనేది. ఆ ప్రయత్నాలు రికార్డు చేయడానికి నాకు చేతులు రాలేదు. తరవాత నాలుగేళ్లకి అమ్మ పోయింది.

పదకొండో రోజు వదినగారు కొవ్వూరు నుంచి వచ్చింది. అందరూ భోజనాల హడావిడిలో ఉంటే నన్ను పక్కకి పిలిచి, చేతిసంచీలోంచి జేబురుమాల్లో చుట్టిన మూడు క్యాసెట్లు తీసి ఇచ్చింది. ఏంటండీ ఇవి అన్నాను.

"మీ అమ్మగారివే. ఆ రోజు వారం ఆగమన్నాను చూడు, అప్పుడు పక్కింటివాళ్ల రెండు క్యాసెట్ల టేపు రికార్డరు తెచ్చి కాపీ తీశాను. మూడే అయ్యాయి. నీకు చెప్పకుండా తీశాను కదా అని ఇన్నాళ్లూ ఇవ్వలేదు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పెట్టుకునేదాన్ని."

నేను ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కూర్చుండిపోయాను. అమ్మ బతికుండగా ఇస్తే ఎంత బాగుండేదో అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ ముఖం చూస్తే, ఆ మాట నాకన్నా ముందు ఆవిడే వెయ్యిసార్లు అనుకున్నట్టుంది. మిగతా మూడు క్యాసెట్లలో నేను పుట్టినప్పుడు అమ్మ సొంతంగా కట్టుకున్న పాట ఒకటి ఉండేది. దాని వరస ఇప్పుడు నాకు సగమే వస్తుంది.

ఇదంతా మా చెల్లెలి కూతురికి మొన్న చెప్పాను. ఆ పిల్ల ల్యాప్‌టాప్ పక్కన పెట్టి పూర్తిగా విని, "అయితే పెద్దమ్మా, రెండు ఊళ్లు ఎంచుకుందాం. ఒకటి దగ్గరగా, తొందరగా వినబడేలా. రెండోది దూరంగా, ఒక చోట వరదొచ్చినా రెండో చోటికి రాకుండా" అంది. మా వదినగారు ఏ చదువూ లేకుండా చేసిన పని అదే కదా అన్నాను. మరి ఆ రెండోది సింగపూరులో పెడదామా అని అడిగింది. ఒక పని మిగిలింది, ఆగమన్నాను.

పాడినవాళ్లలో ఇప్పుడెవరూ లేరు. వాళ్ల పిల్లల్లో దొరికినవాళ్లకి ఫోన్లు చేసి, పాటలు ఇలా దాచవచ్చా అని అడిగాను. పోలవరం పైన పడవ నడిపినాయన కొడుకు, ఇప్పుడు ఊరు ప్రాజెక్టు మునకలో పోయి, ప్రభుత్వం కట్టించిన కాలనీలో ఉంటున్నాడు. విషయమంతా విని, "దాచండమ్మా, మంచిదే. దేశం మాత్రం దాటించకండి. మా నాన్న గోదారి దాటి ఎక్కడా పడుకోలేదండి" అన్నాడు. ఆ మాట మీద సింగపూరు కొట్టేశాం. మొదటి కాపీకి హైదరాబాదు, రెండోదానికి ముంబై ఖాయం చేశాం. ముంబై సముద్రం పక్కనే కదే అని నేను గొణిగితే, ఆ పిల్ల నా భయం చూసి, మూడో కాపీ ఒక చిన్న డిస్కులో చేసి నా బీరువాలో పెట్టింది. ఆదివారానికల్లా అన్నీ ఎక్కిపోయాయి.

నిన్న పని మీద బస్సులో వెళ్తూ కడియం నర్సరీలు దాటాక ఫోన్లో అమ్మ పాట పెట్టుకున్నాను. ఊడ్పుల రోజులే. కిటికీలోంచి చూస్తే ఒక చోట యంత్రం వరసలు నాటుకుంటూ పోతోంది, మరో చోట ఎక్కడి నుంచో వచ్చిన కూలివాళ్లు మాట్లాడకుండా వంగి ఊడుస్తున్నారు, వాళ్ల తొందర వాళ్లది. ఇప్పుడు లంకలో ఉన్న మనిషీ, లండన్‌లో ఉన్న మనిషీ మా అమ్మ పాట ఒకే క్షణంలో వినవచ్చునట. అరుగు మీద చేరి విని, మర్నాడు పొలంలో పాడే ఆ పది మంది ఆడపిల్లలు మాత్రం ఎక్కడా లేరు.

అమ్మ ఒక వరస పాడి ఆగుతుంది. పక్కనున్న ఆడవాళ్లు దాన్ని అందుకుంటారు. ఇన్నేళ్లూ అమ్మ గొంతు కోసమే వింటూ నేను గమనించలేదు గాని, ఆ అందుకునే గొంతుల్లో ఒకటి కొంచెం వెనకబడి, శ్రుతి కాస్త తప్పి వినబడింది. చెవికి ఫోను ఆనించుకుని రెండోసారి విన్నాను. అది నాది. ఇరవై నాలుగేళ్ల నేను. పొలంలో అమ్మ పక్కన పాడినవాళ్లలో ఇంకా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ మళ్లీ వరస పాడి ఆగింది. బస్సులో జనం ఉన్నారని కూడా చూడకుండా అందుకున్నాను.