నాలుగో నంబరు రీడు

పెళ్లికూతురి తండ్రి పళ్లను పెళ్లికొచ్చిన వాళ్లందరి ముందు రాలగొట్టిన ఘనత ఆదోనిలో నా ఒక్కడిదే. చెయ్యి ఎత్తలేదు, మాట తూలలేదు. బొటనవేలంత బద్దముక్కతో పని కానిచ్చాను. ఆ తండ్రి నా గురువు. ఆయనకు మేలు చెయ్యాలనే నేనా పని చేశాను. ఈ రెండూ తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు రాదు. మీరు మాత్రం హాయిగా నవ్వుకోండి, దానికే చెప్తున్నాను.

మాది ఎమ్మిగనూరు, మగ్గం నేసే ఇల్లు. నేను మటుకు ఇరవై ఆరేళ్ల వయసులో, మీసాలు బాగా ముదిరాక, శాక్సోఫోన్ నేర్చుకుంటానని బయల్దేరాను. మా వీధిలో ఒక ఊరేగింపులో ఖాదర్ మాస్టర్ వాయించగా విని పిచ్చెక్కింది. ఆయన ఆదోనిలో బ్యాండు మేళం నడిపేవారు. రోజూ పొద్దున్నే బస్సెక్కి ఆయన ఇంటికి పోయేవాణ్ణి. నా పేరు గుర్తుండేది కాదో, గుర్తుపెట్టుకునేంత గొప్పగా అనిపించలేదో, ఆయన నన్ను "మగ్గమప్పా" అనే పిలిచేవారు.

శాక్సోఫోన్ మూతికి పల్చటి రెల్లుబద్ద ఒకటి బిగిస్తారు. దాన్నే రీడంటారు. మన గాలికి అది వణికితేనే పాట. దాని మీద నంబరుంటుంది. మాస్టర్ రెండో నంబరు వాడేవారు. నాకు మొదటిరోజే ఒకటిన్నర నంబరుది ఇచ్చారు. ఇక్కడే నాకు కడుపు మండింది. నూలు లెక్కల మధ్య పుట్టినవాణ్ణి కదా! ఇరవయ్యో నంబరు నూలు దుప్పటికి, ఎనభయ్యోది చీరకు, నూరో నంబరైతే చేతిలో ఉన్నట్టే తెలీదు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. పైగా మగ్గం మీద దువ్వెనలా ఉండే అచ్చును కూడా నూలు అంగళ్లలో రీడనే అంటారు, దాని లెక్కా అంతే. శాక్సోఫోన్ రీడు ఒక్కటే వేరే దారి పడుతుందని నాకెందుకు తోస్తుంది? ఒకటిన్నరంటే గోనెసంచి రకమనీ, కొత్తవాడికి ఈ మాత్రం చాల్లే అని నా మొహాన పడేశారనీ తీర్మానించుకున్నాను. ఆ గోనెసంచినే ఏడు నెలలు నోట్లో పెట్టుకుని ఊదాను. పైకి ఒక్క మాట అనలేదు. లోపల మాత్రం బస్సు దిగినప్పటినుంచీ అంటూనే ఉండేవాణ్ణి.

అంతలో మాస్టర్ పళ్లు కదిలిపోయి, పైవరస మొత్తం తీయించి పళ్లసెట్టు పెట్టించుకోవాల్సి వచ్చింది. పాత రీడు కట్టి ఊదితే పెదవికి పట్టు చిక్కలేదు. రెండు స్వరాలకే దవడ నొప్పెట్టి దించేశారు. ఒకపక్క కూతురు షమీమ్ పెళ్లి దగ్గరపడింది. చిన్నప్పుడు ఆ పిల్ల నిద్రపోవాలంటే ఆయన శాక్సోఫోన్ మీద ఒక జోల వాయించాల్సిందేనట, ఆ మోతకు మిగతా ఇల్లంతా మేలుకున్నా సరే. పెళ్లై అత్తగారింటికి పోయేనాడు అదే జోలతో సాగనంపుతానని ఎప్పుడో మాటిచ్చారు. ఊళ్లో అందరి కూతుళ్లకూ వాయించిన మనిషి, సొంత కూతురికి వాయించలేనేమోనని బెంగ పెట్టుకున్నారు.

ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మెత్తని రీడు కావల్లప్పా. నంబరు నీకు తెల్సు గదా," అన్నారు.

తెలీదని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? తెలీకపోవడమేంది మాస్టర్, అని ఛాతీ విరుచుకుని వచ్చాను.

రీడు తెప్పించాలని ఇంట్లో చెప్తే మా అమ్మ, "అటక మీద పాతవి రెండుండాయి గదప్పా, తీస్కపోయి ఇయ్యి," అంది. మగ్గం అచ్చును నోట్లో పెట్టుకుని ఊదే మాస్టర్ని తలుచుకుని పడీపడీ నవ్వాను. అమ్మకేమీ తెలీదని నవ్వాను, చూడండి.

హైదరాబాదులో వాద్యాలమ్మే అంగడికి ఫోన్ చేసి నాలుగో నంబరు రీడ్లు పంపమన్నాను. నాలుగంటే బాగా అలవాటున్నవాళ్లు వాడతారండీ, అన్నాడు అంగడాయన. ముప్పై ఏళ్ల అలవాటున్న మనిషికే అన్నాను. అంతకన్నా పై నంబరుంటే ఇంకా సంతోషమని కూడా అన్నాను. ప్రస్తుతానికి లేవన్నాడు. దేవుడు ఆ మాత్రం దయ చూశాడు.

కొరియరు సరిగ్గా పెళ్లిరోజు పొద్దున వచ్చింది. మాస్టర్ కొత్త కుర్తా వేసుకుని ఆస్పరి నుంచి వచ్చిన వియ్యాలవారి వెంట తిరుగుతున్నారు. కళ్లజోడు యాడ పెట్టినారో ఆయనకే తెలీదు. నన్నే కట్టి ఉంచమన్నారు. నేను నా శాక్సోఫోన్ పెట్టె పక్కన పెట్టి, రీడును గ్లాసు నీళ్లలో నానబెట్టి, పట్టుచీర మడతపెట్టినంత జాగ్రత్తగా బిగించాను.

నిఖా అయింది, భోజనాలయ్యాయి. షాదీఖానా వాకిట్లో పూలు కట్టిన కారు సిద్ధమైంది. షమీమ్ కారు తలుపు దాకా వచ్చి ఆగింది. మేళం వాళ్లు డ్రమ్ములు దించారు. మాస్టర్ కళ్లు మూసుకుని ఊదారు.

సైకిల్ ట్యూబు పంక్చరైనట్టు బుస్సుమంది.

ఇంకా గట్టిగా ఊదారు. ఇంకా గట్టిగా బుస్సుమంది. మెడనరాలు ఉబ్బాయి, మొహం కందిపోయింది. కొత్తది కదా మాస్టర్, ఇంకొంచెం దమ్ము పట్టండి, అని నేను పక్కనుంచి సలహా కూడా ఇచ్చాను. ఆయన ఉన్న ఊపిరంతా పట్టి ఊది, ఇక ఆగలేక నోరు తెరిచారు. పాట రాలేదు గానీ పళ్లొచ్చాయి. పైవరస మొత్తం జారి, శాక్సోఫోన్‌కి టంగుమని తగిలి, పెళ్లికొడుకు బూట్ల ముందు పడింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మాస్టర్ వంగి పళ్లు తీసుకుని, కుర్చీలో కూలబడి, ఇంక తనకు చేతకాదు, పొమ్మని కూతురికి చెయ్యి ఊపారు. షమీమ్ పెళ్లిబట్టలతోనే ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"నువ్వు ఊదకుంటే నేను కారెక్కను అబ్బా. నీ ఇష్టం," అంది తండ్రితో.

మాస్టర్ రీడు ఊడదీసి, గోటితో నొక్కి చూశారు. అది లొంగలేదు.

"ఇది యా నంబరప్పా?"

"నాలుగు మాస్టర్."

"నాలుగెందుకు తెస్తివి?"

"మెత్తనిది గదా. పెద్ద నంబరు నూలు మాదిరి."

 ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారనుకున్నాను. బోసినోటితో నవ్వుతున్నారు.

"ఇది నూలు గాదు నాయనా. ఈడ నంబరు పెరిగేకొద్దీ గట్టిబడుతాది. నువ్వు తెచ్చింది పలక." కళ్లు తుడుచుకుని, "నీ పెట్టె తియ్. నీ నోట్లో ఉండేదే నేనడిగింది. లేత పెదవి పుండైతే ఇడిసిపెట్టి పోతావని, అన్నిట్లోకీ మెత్తనిది ఏరి ఇచ్చినా నీకు. అందుకే నీకు తెల్సు గదా అంటి," అన్నారు.

ఏడు నెలలు ఆ మనిషిని నేను మనసులో ఎన్ని తిట్టుకున్నానో ఆయనకు తెలీదు. నాకు తెలుసు. పెట్టె తెరిచి, తల వంచుకునే నా రీడు తీసి ఇచ్చాను. నా పళ్లగాట్లన్నీ పడ్డ ఆ ఒకటిన్నరను ఆయన కడిగి బిగించి, పళ్లసెట్టు సర్దుకుని, ఊదారు. మొదటి స్వరం తడబడింది. రెండోది నిలబడింది. ఆ తర్వాత జోల మొత్తం మెల్లగా, గాలి కూడా బెదరనంత మెత్తగా వచ్చింది. షమీమ్ ఆయన మోకాలి మీద తల పెట్టుకుని వింది. అయిపోయాక, "ఇట్ల ఊదితే నేను ఈడే నిద్రపోతా," అని లేచి, కళ్లు తుడుచుకుని కారెక్కింది.

నాలుగో నంబరు రీడ్లన్నీ అమ్మకిచ్చాను. నూలుకు పెట్టే గంజి మాడితే గిన్నె గీకడానికి ఇంత గట్టి బద్ద తానెక్కడా చూళ్లేదని మెచ్చుకుంది. ఆ గంజిగిన్నె సాక్షిగా నేనొక ప్రమాణం చేశాను. బతికున్నంతకాలం, నీకు తెల్సు గదా అని ఎవరడిగినా, తెలిసినా సరే, తెలీదనే చెప్తాను.

మొన్న షమీమ్‌కి కొడుకు పుట్టాడు. మాస్టర్ నన్ను పిలిచి, "ఈసారి జోల నువ్వే ఊదల్లప్పా. యా నంబరు కట్టల్లో తెల్సు గదా," అన్నారు.

లేచి నిలబడి, చేతులు కట్టుకుని, "తెలీదు మాస్టర్," అన్నాను.