బావ కాలి కింద తాడు

ఆ రోజుల్లో డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న కుర్రాడికి పెద్దవాళ్ళు చెప్పే పనులన్నీ తాత్కాలికమైనవే. ప్రతి పనికీ ముందు "ఉద్యోగం వచ్చేదాకా" అన్న మాట తప్పకుండా ఉండేది. ఉద్యోగం వచ్చేదాకా గ్యాసు బండ తెచ్చిపెట్టు, ఉద్యోగం వచ్చేదాకా పిల్లల్ని బడిలో దింపు. అలాగే ఉద్యోగం వచ్చేదాకా నేను మా బావ బోటు ఎక్కాను. ఆయన మా అక్క భర్త, అంతకు ముందే మా మేనమామ కొడుకు. వయసులో నాకంటే చాలా పెద్దవాడైనా నన్ను కూడా బావ అనే పిలిచేవాడు. (మా వైపు మగవాళ్ళ మధ్య ఆ మాటకు పెద్దగా లెక్కలుండవు.) ఈ వేసవిలో ఆయన పోయాడు. అప్పటినుంచి ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఒకటే అంటున్నారు, అందరికీ సాయం చేసే మనిషి అని. నిజమే. కానీ ఆయన చేయబోయిన ఒక సాయానికి నేను అక్షరాలా కాలడ్డం పెట్టాను. ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెబితే నవ్వొస్తుంది, మా ఇంట్లో ఇంకా నవ్వే రోజులు రాలేదు. ఇక్కడ చెప్పుకుంటే ఫరవాలేదనుకుంటాను.

మాది తరాలుగా చేపల వేట మీద బతికిన కుటుంబం. మేనమామ కాలానికి తెప్ప, బావ కాలానికి ఇంజను పెట్టిన ఫైబర్ బోటు. వేట సరిగ్గా సాగని ఒక ఏడాది, ఎవరో చెప్పగా, ఆదివారాలు సరదాకి గేలం వేద్దామని వచ్చేవాళ్ళను ఎక్కించుకుని ఫిషింగ్ హార్బర్ నుంచి సముద్రంలోకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు వచ్చేవారు, పరవాడ మందుల కంపెనీల్లో పనిచేసే ఉత్తరాది వాళ్ళు వచ్చేవారు, కొత్తగా పెళ్ళయిన జంటలు వచ్చేవారు. వాళ్ళతో ఇంగ్లీషూ హిందీ మాట్లాడటానికి నేను. ఇందులో ఒక చిక్కుండేది. ఆ కుటుంబంలో పుట్టి కూడా, బోటు హార్బరు గోడ దాటగానే నాకు కడుపులో తిప్పేది. "ఏం ఫరవాలేదు సార్, మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది" అని కస్టమర్లకు ధైర్యం చెబుతూ, వాక్యం మధ్యలో పక్కకు వంగి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని మిగతా సగం పూర్తి చేసేవాణ్ణి. (అది చూశాక చాలామందికి నిజంగానే ధైర్యం వచ్చేది. తమకంటే అన్యాయంగా ఉన్నవాడు ఒకడున్నాడు గదా అని.)

నా అసలు పని వేరే ఉంది. మా బోటు మీద గేలపు కర్రలూ, తాడు చుట్టే చక్రాలూ ఉండవు. చేతి తాడే. గేలం కట్టిన పొడవాటి నైలాన్ తాడును వెనక వదిలి, బోటును నెమ్మదిగా నడుపుతాం. చేప పడగానే ఇంజను ఆపేసి, వెనక బల్ల మీద కూర్చున్న కస్టమరు రెండు చేతులతో తాడు లాగాలి. లాగిన తాడు అతని వీపు వెనక బోటు అడుగున పడుతూ ఉంటుంది. అక్కడ మా బావ చెప్పుల్లేకుండా నిలబడి ఉంటాడు. ఆయన కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఆ తాడు ఉంటుంది. కస్టమరు జానెడు లాగితే ఆ జానెడూ బావ కాలి కింద భద్రం. చేప వెనక్కి గుంజినా, కస్టమరు చెమట తుడుచుకున్నా, సెల్ఫీ తీసుకున్నా తాడు కదలదు. వాళ్ళకు ఈ సంగతి తెలియకూడదు కాబట్టి, నేను ముందు నిలబడి, "అబ్బ, ఏం లాగుతున్నారు సార్, మీకు అలవాటున్నట్టుందే" అని పొగుడుతూ ఉండాలి. ఇలా చేప పట్టిన ఒకాయన ఆ ఉత్సాహంలో సొంతంగా తాడూ గేలాలూ కొనుక్కుని ఏడాదంతా బీచి రాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కటీ పడలేదు. సముద్రంలో చేపలు తగ్గిపోయాయని మాకే వచ్చి చెప్పాడు.

ఇది మోసం కదా బావా అని నేను అడక్కపోలేదు. చదువుకున్నవాణ్ణి కదా, అలాంటివి అడిగేవాణ్ణి. బావకు అందులో ఏ ఇబ్బందీ కనిపించేది కాదు. "ఇంత దూరం వొచ్చినోడు ఒట్టి సేతుల్తో ఎల్తే మనకేటి మర్యాద? ఎవుడు లాగాడో సేపకేటి తెల్సు?" అనేవాడు.

అలాంటి ఒక ఆదివారం తెల్లవారుతుండగా ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఊరు సబ్బవరం దగ్గర పల్లె, ఇల్లు కూర్మన్నపాలెంలో. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది. ముందు ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చి, చాలావరకు తగ్గింది. నడక బాగానే ఉంది, మాట బాగానే ఉంది, కుడి చెయ్యి మాత్రం కొంచెం బద్ధకించేది. బావ ఆయనకు అప్పటికప్పుడే "క్రేను బాబు" అని పేరు పెట్టేశాడు. తండ్రికీ కూతురికీ మధ్య ఉన్న తగాదా ఏమిటో బోటు ఎక్కకముందే తెలిసిపోయింది, ఎందుకంటే దారంతా అదే మాట్లాడుకుంటూ వచ్చారు. ఆయన పాత స్కూటరు తాళం ఆమె దగ్గర ఉంది. ఇవ్వమని ఆయన, ఇవ్వనని ఆమె. ప్లాంటు గేటు ముందు హైవే మీద లారీలు ఎలా పోతాయో ఆ వైపు వెళ్ళినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆఖరికి ఆమె విసిగిపోయి, చెయ్యి బాగైపోయిందంటున్నావు గదా, అయితే ఒక పెద్ద చేపను నీ చేత్తో లాగి చూపించు, తాళం ఇస్తాను అందట. ఏదో మాట వరసకు అన్నమాట. ఆయన మర్నాడే మా నంబరు కనుక్కున్నాడు.

నేను ఇంజనుకు డీజిల్ పోస్తుంటే ఆయన నా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "నాయినా, నాను లాగినప్పుడు మీరెవులూ తాడు ముట్టుకోకూడదు. మా అమ్మాయి బతిమాల్తాది, ఇనొద్దు. నా సెయ్యి పనికొత్తాదో నేదో నాకు తెలాల. మీరు సాయం సేసీసి నాను పట్టీసినాననుకుని రేపు బండెక్కితే, అక్కడ లారీ ముందర సాయానికి ఎవులొత్తారు?" ఎవరూ ముట్టుకోరని మాట ఇచ్చాను.

సరిగ్గా అదే సమయంలో బోటు ఆ చివర ఆమె బావను పట్టుకుంది. తాళం సంగతి తర్వాత చూసుకుంటాను, ముందు ఆయన ఖాళీ చేతులతో ఇంటికి రాకూడదు, జబ్బు చేసిన దగ్గర్నుంచి దేనికీ ఉత్సాహం లేదు, ఇదొక్కటే నోరు తెరిచి అడిగాడు, ఎలాగైనా పట్టించండి అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బావ గుండె మీద చెయ్యేసుకుని మాట ఇచ్చేశాడు. ఈ రెండు మాటలూ ఒకే బోటు మీద ఉన్నాయని మాకు సముద్రంలోకి వెళ్ళాక గానీ తెలియలేదు. నేను బావను ఇంజను దగ్గరకు లాక్కెళ్ళి విషయం చెప్పాను. ఆయన విని, తల పంకించి, "ముట్టుకోకూడదన్నాడు గదా. సేత్తో ముట్టుకోను" అన్నాడు. కాలు మాట ఎత్తలేదు.

ఎండ కాస్త ఎక్కాక చేప పడింది. తాడు బిగిసిన తీరు చూసి "కోనం" అన్నాడు బావ. (ఇతర జిల్లాల వాళ్ళు వంజరం అంటారు.) మంచి బరువున్న చేప. ఇంజను ఆపి బావ పరుగున వచ్చి క్రేను బాబు వెనక తన చోట నిలబడ్డాడు. నేను ముందుకు పోవలసినవాణ్ణి, ఆ రోజు వెనక్కి పోయాను. బావ కాలు తాడు వైపు పాకింది. నా కాలు దాని మీద పెట్టాను. ఆయన ఆ కాలు లాక్కుని రెండోది చాచాడు. నేను కూడా రెండోది పెట్టాను. బావ నా నడుం గిల్లాడు. "ఒగ్గీరా బావా" అని, కాలు వదలమని చెవిలో గసిరాడు. "నువ్వు ఒగ్గీ" అన్నాను నేను. ఎదురుగా కూర్చున్న కూతురికి మా కాళ్ళు కనబడుతూనే ఉన్నాయి, నేనే ఏదో చెడగొడుతున్నానని ఆమె నా వైపు ఎర్రగా చూస్తోంది. ఈ మొత్తం జరుగుతుండగా నా నోరు అలవాటు కొద్దీ "అబ్బ, ఏం లాగుతున్నారు సార్" అంటూనే ఉంది. క్రేను బాబు వెనక్కి తిరగకుండానే, వెనకాల ఆ తొక్కిసలాట ఏమిటని అడిగాడు. అలలండి, బోటు ఊగుతోందండి అన్నాను. ఆ రోజు సముద్రం చాప పరిచినట్టు ఉంది. ఉదయం నుంచి నాకు వాంతి కూడా కాలేదు.

ఆయన ఎడం చేత్తో బాగానే లాగుతున్నాడు. ఎడం చెయ్యి లాగుతుంది, కుడి చెయ్యి పట్టుకుని ఉంచాలి, మళ్ళీ ఎడం చెయ్యి అందుకోవాలి. మొదట్లో కుడి చెయ్యి కూడా పట్టింది. తర్వాత చేప ఒక్కసారి లోతుకు గుంజింది. ఆయన కుడి చేతి వేళ్ళు నెమ్మదిగా విచ్చుకున్నాయి, తాడు వాటి మధ్య నుంచి జారిపోవడం మొదలైంది. అది చూసి బావ ఉండబట్టలేకపోయాడు. నన్ను భుజంతో నెట్టి, పాదం మొత్తం తాడు మీద వేసి తొక్కాడు. తాడు ఆగింది. క్రేను బాబు కుడి చెయ్యి తెరుచుకునే ఉంది, అయినా తాడు ఆగింది. ఆయన తన చేతిని ఒకసారి చూసుకుని, తల తిప్పి కిందికి చూశాడు. తాడు మీద బావ కాలు, బావ కాలి మీద నా కాలు, కింద పడకుండా ఒకరి చొక్కా ఒకరం పట్టుకుని ఇద్దరం మగాళ్ళం.

ఆయన కోప్పడలేదు. "కాళ్ళు తియ్యండి" అన్నాడు, అంతే.

బావ కాలు తీశాడు. కస్టమరు తాడు మీద నుంచి ఆయన కాలు తీయడం నేను అదే మొదటిసారి చూడటం. తాడు మళ్ళీ జారింది. క్రేను బాబు ఎడం చేత్తో బిగించి, కుడి చేత్తో ఇంకోసారి ప్రయత్నించాడు, ఇంకోసారి కూడా. ఆ చెయ్యి తాడు చుట్టూ మూసుకునేది, కానీ నిలిచేది కాదు. మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ఆయన తనకు కావలసినది తెలుసుకున్నాడని నాకు అర్థమైంది, అది ఆయన కోరుకున్నది కాదని కూడా. అప్పుడాయన కూతురి వైపు తిరిగి, "రా అమ్మా, ఇటు కూకో. నాను లాగుతాను, నువ్వట్టుకో" అన్నాడు.

ఆమె వచ్చి ఆయన కుడి పక్కన కూర్చుంది. ఆయన ఎడం చెయ్యి లాగడం, ఆమె చేతులు పట్టుకుని ఉంచడం. మొదట లయ కుదరలేదు, ఆమె కూడా లాగబోయేది, ఆయన "లాగొద్దు, అట్టుకో" అని గసిరేవాడు. కాసేపటికి కుదిరింది. నేను చూడవలసినది అది అయినా, నిజం చెప్పాలంటే నా చూపంతా బావ మీదే ఉంది. ఆయన రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, బల్ల అంచుకు అరికాళ్ళు నొక్కిపెట్టి, తాడు ఎటు కదిలితే అటు వంగుతూ, పరాయి వాళ్ళింట్లో పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చిన మనిషిలా అల్లాడిపోయాడు. చేప బోటు పక్కకు వచ్చి వెండిలా మెరిసేసరికి, కొక్కెం బిగించిన కర్ర చేతిలోకి తీసుకుని కూడా కదలకుండా నిలబడ్డాడు.

"బాబూ, కొక్కెం ఏసి పైకి లాగాల. అది సాయం కిందకొత్తాదేటి?" అని అడిగాడు, ఎంతో భయంగా.

"అది సాయం కాదు, అది నీ పని. ఏసీ" అన్నాడు క్రేను బాబు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ తాళం మాట ఎత్తలేదు. కూతురు చేప పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది, తర్వాత దాన్నే ఫోటో తీసింది. హార్బరు గోడ కనబడేటప్పుడు క్రేను బాబు, బండి అలా మూల పడి ఉంటే తుప్పు పట్టిపోతుందమ్మా, నువ్వు నడుపు, నేను వెనక కూర్చుంటాను అన్నాడు. గేర్ల బండి నాకు రాదు నాన్నా అందామె. నేను నేర్పుతానన్నాడాయన. ఆమె సరే అంది. వాళ్ళ తగాదా అలా తీరిపోయింది. అందులో మా కాళ్ళ పాత్ర ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

కొన్ని నెలల తర్వాత వాళ్ళిద్దరూ చేపలు కొనుక్కోవడానికి హార్బరుకు వచ్చారు, అదే స్కూటరు మీద. ఆమె నడుపుతోంది. ఆయన వెనక కూర్చుని ఆమె భుజం మీదుగా ముందుకు వంగి, "క్లచ్చు, క్లచ్చు, ఇప్పుడు రెండో గేరు, ఆ లారీని పోనీ, ఆరను కొట్టు" అని చెబుతూనే ఉన్నాడు. బండి దగ్గుతూ, ఆగుతూ, మళ్ళీ ఎగిరి దూకుతూ మా ముందు నుంచి వెళ్ళింది. బావ వల మరమ్మతు ఆపి దానికేసి సానుభూతిగా చూశాడు.

"ఆయన సాయం నేకపోతే ఆ తల్లి బాగానే నడిపీది" అన్నాడు.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, ఆనందపురం అవతల ఒక గోడౌనులో, కదలని నేల మీద. బావ బోటు నడుపుతూనే ఉన్నాడు. ఆ రోజు తర్వాత ఆయన మారిపోయాడని చెబితే ఈ కథకు బాగుంటుంది గానీ, మారలేదు. ఎక్కేవాళ్ళను ముందుగా అడగడం మాత్రం నేర్చుకున్నాడు, మీరే లాగుతారా, మమ్మల్ని ఓ చెయ్యి వెయ్యమంటారా అని. మేమే లాగుతాం అని అందరూ గట్టిగా చెప్పేవారట. చేప పడిన రెండో నిమిషంలో అందరూ వెనక్కి తిరిగి చూసేవారట.

ఈ ఏడాది ఆయన మంచం పట్టాక నేను సెలవు పెట్టి వెళ్ళి ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఆయన లేచి కూర్చోబోతుంటే చెయ్యి అందించాను. నా చేతికేసి చూసి, "నానడిగానేటి?" అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మంచం పట్టె పట్టుకుని సగం లేచాడు, ఆగాడు, మళ్ళీ ప్రయత్నించాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అలా నిలబడటం ఎంత కష్టమో నాకు తెలియదు అంతవరకు. బోటు మీద ఉన్న ఆ డిగ్రీ కుర్రాడికైతే అందులో సందేహమే ఉండేది కాదు, ఏది సాయమో ఏది కాదో వాడికి అంత స్పష్టంగా తెలుసు, బావ కాలు తొక్కి మరీ చెప్పగలిగేవాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కొంచెం నవ్వొస్తుంది. చాలాసేపటికి బావ తల దించుకునే, "రా బావా" అన్నాడు. వెళ్ళాను.