కనబడకుండా వెళ్ళి రావడం

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఆ ఆగస్టులో దోహాలో ఉన్న మనవాళ్ళ నోట ఒకటే మాట: ఉండడమా, ఇంటికి వెళ్ళిపోవడమా. అల్ ముంతజాలో మేం నలుగురం ఉండే గదిలో ఇద్దరు అప్పటికే పెట్టెలు సర్దుకుని మంచం కిందకి తోశారు. మూడోవాడు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. కంపెనీ పంపిస్తే పోతా, లేకపోతే లేదు అని నిబ్బరంగా ఉన్నాడు. నాలుగోవాణ్ణి నేను. ఖతార్ సైన్యం వాళ్ళ డ్రైవింగ్ స్కూల్లో జీపులు, లారీలు నడపడం నేర్పేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్నే ఒక కెప్టెన్ స్కూలుకి వచ్చాడు. కొన్నేళ్ళ క్రితం నా దగ్గరే ఇసుకలో బండి నడపడం నేర్చుకున్న మనిషి. టీ తాగుతూ నేరుగా విషయానికొచ్చాడు.

"ఉస్తాద్, మీ దేశంలో ఉన్నప్పుడు శత్రువు సరిహద్దు దాటి లోపలికి గస్తీకి వెళ్ళానని ఒకసారి చెప్పావు. నిజమేనా?"

"నిజమే."

"రోజుల తరబడి లోపలే ఉండి, చూడాల్సింది చూసి, ఎవరికీ కనబడకుండా తిరిగి రావాలి. ఆ పనికి ఒక చిన్న జట్టుని తయారు చెయ్యాలి. నేర్పుతావా?"

నేర్పుతానన్నాను. ఆలోచించుకుంటానని కూడా అనలేదు. డెబ్బై ఒకటి యుద్ధంలో రాజస్థాన్ ఎడారిలో జీపుల మీద సరిహద్దు దాటిన జట్టులో నేనొకణ్ణి. మేం వెళ్ళినవాళ్ళం వెళ్ళినట్టే తిరిగొచ్చాం. ఎలా వచ్చామో నాకు బాగా గుర్తుంది. పింఛను తీసుకుని ఖతార్ వచ్చాక గేరు మార్చడం, రివర్సు చెయ్యడం నేర్పుతూ బతుకుతున్నా, నా అసలు చదువు అది కాదని నాకు తెలుసు.

గదిలో ఈ సంగతి చెప్తే మేస్త్రీ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"అన్నా, అందరు పానం దక్కితె సాలని ఊరికి పోతుంటె, నువ్వు లడాయిల కాలు పెడుతున్నవేంది?"

"నేను వెళ్ళట్లేదురా. వెళ్ళేవాళ్ళకి నేర్పుతాను."

"రెండిట్ల ఫరకేమున్నది?" అన్నాడు. అని, మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

మా ఆవిడతో ఫోన్లో మాట్లాడితే ఆమె భయపడలేదు. సైనికుడి ఇంట్లో పుట్టి, సైనికుణ్ణి చేసుకున్న మనిషి. "మీరు వెళ్ళేది లేదుగా, నేర్పడమేగా? అయితే సరిగ్గా నేర్పండి. లేకపోతే వాళ్ళింటి ఆడవాళ్ళు తిట్టేది మిమ్మల్నే," అంది.

జట్టులో ఉన్నవాళ్ళు ఎనిమిది మంది. వాళ్ళకి పెద్ద ఒక సార్జెంటు. ఎడారిలో ఒంటెలు కాసుకునే బదూ తెగలో పుట్టాడు. ఇసుక మీద గుర్తు చూసి బండి ఎటు వెళ్ళిందో, ఎంతసేపయిందో చెప్పగలడు. రేడియో మోసేవాడు కెప్టెన్‌కి సొంత తమ్ముడు. తమ్ముడని కెప్టెన్ నాకు చెప్పలేదు, ముఖాలు చూసి నేనే పోల్చుకున్నాను.

మొదటిరోజు దక్షిణాన ఇసుక దిబ్బల దగ్గరికి తీసుకెళ్ళి, బళ్ళల్లో ఉన్నదంతా కింద పెట్టమన్నాను. నీళ్ళు, పెట్రోలు, తుపాకులు, దుప్పట్లు దిగాక పాటల కేసెట్లు దిగాయి, అత్తరు సీసాలు దిగాయి. చివర్న సార్జెంటు కాఫీ కుండ, కప్పులు, బొగ్గుల సంచి దించాడు. మొదటి నాలుగు రకాలూ బండెక్కించి మిగతావి పక్కన పెట్టించాను. అత్తరు తీసేస్తే ఒప్పుకున్నారు. కాఫీ కుండ దగ్గర మాత్రం సార్జెంటు అడ్డం తిరిగాడు.

"కాఫీ లేకుండా మగవాడు పొద్దున్నే ఎలా లేస్తాడు ఉస్తాద్? చిన్న నిప్పే కదా. గుంట తీసి అందులో పెడతాను. ఎవరికి కనబడుతుంది?"

వాదన పెట్టుకోలేదు. మర్నాడు తెల్లవారాక అతన్ని జీపులో దూరంగా ఒక దిబ్బ మీదికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. వెనకున్న వాళ్ళని అతను చెప్పినట్టే గుంట తీసి కాఫీ కాయమన్నాను. కాసేపటికి పొగ లేచింది. పల్చగా, దారప్పోగులా ఉంది. గాలి ఇటు తిరిగాక వేగిన కాఫీగింజల వాసన, ఏలకుల వాసన మా దాకా వచ్చాయి. సార్జెంటు గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంత దూరం నుంచి నేనైతే వాళ్ళలో ఒక్కణ్ణి కూడా వదలను," అన్నాడు. ఇక కాఫీ మాట ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే అతనే కసిరేవాడు.

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. అద్దాలకీ లైట్లకీ బురద పూయడం, దిబ్బ కొన మీద బండి ఆపకుండా దాని అడుగున ఆపడం, వచ్చిన దారినే తిరిగి వెళ్ళకపోవడం, తిన్నదీ విడిచిందీ అంతా పాతిపెట్టడం. వీటన్నిటికన్నా కష్టం కదలకుండా ఉండడం. పగలంతా ఇసుకలో కలిసిపోయే రంగు వల కింద పడుకుని రోడ్డు మీద పోయే బళ్ళని చూస్తూ ఉండాలి. ఈగ ముక్కు మీద వాలినా చెయ్యి లేపకూడదు. పరిగెత్తమంటే గంటలు పరిగెత్తే కుర్రాళ్ళు పడుకోమంటే అల్లాడిపోయారు. నేను కూడా వాళ్ళ పక్కనే పడుకునేవాణ్ణి. వయసులో వాళ్ళకి తండ్రిలాంటి వాణ్ణి కదలకుండా ఉంటే వాళ్ళకి కదలడానికి సిగ్గేసేది.

ఇంకొక్కటి రోజూ చెప్పేవాణ్ణి. కలిసే చోటికి చేరగానే తిన్నగా వెళ్ళిపోకూడదు. దూరంగా ఆగి, అక్కడున్నది మనవాళ్ళో పరాయివాళ్ళో తేల్చుకుని, అప్పుడు వెళ్ళాలి. మొదటి చోటుకి సమయానికి రాలేకపోతే రెండోచోటుకి రావాలి. అక్కడ మేం ఉంటాం.

చలి మొదలయ్యాక ఆఖరి పరీక్ష పెట్టాం. జట్టు రెండు బళ్ళలో ఎడారిలోకి వెళ్ళి, మేం చెప్పిన రోడ్డుని గమనించి, మొదటి చోటుకి రావాలి. అక్కడ పాడుబడ్డ బావి ఒకటుంది. వాళ్ళు వెళ్ళిన రెండోరోజు ఉత్తరపు గాలి లేచింది. ఆకాశం, నేల ఒకటే రంగు అయిపోయాయి. మర్నాటికి గాలి తగ్గింది, కానీ బావి దగ్గరికి ఎవరూ రాలేదు. రేడియో పిలిస్తే జవాబు లేదు.

మేం రెండోచోటుకి వెళ్ళాం. అదొక సున్నపురాతి గుట్ట. కెప్టెన్‌తో పాటు అతని పైఅధికారి కూడా వచ్చాడు. ఆయన వస్తూనే బళ్ళన్నీ నాలుగు వైపులా పంపమన్నాడు.

"వద్దు సార్," అన్నాను. "మన బళ్ళు తిరిగితే పరాయివనుకుని వాళ్ళు అనుకున్న దారి మార్చుకుంటారు. రెండోచోటుకి రావాలని వాళ్ళకి తెలుసు. నీళ్ళున్నాయి, తిండి ఉంది. వస్తారు. చీకటి పడే లోపల రాకపోతే మొదటి బండి నేనే నడుపుతాను."

ఆయన కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"అందులో నా తమ్ముడున్నాడు."

"తెలుసు. అందుకే చెప్తున్నాను. ఆగు."

అతను నా ముఖంలోకి చూసి తలూపాడు. తిరిగి వెళ్ళి, ఆగుదామని పైఅధికారికి చెప్పాడు. ఆ నిర్ణయం భారం అతను మోశాడు, నేను కాదు. నాకు అనుమానం లేదు. నేను వాళ్ళతో పాటు పడుకున్నాను, వాళ్ళు ఎలాంటివాళ్ళో చూశాను.

మధ్యాహ్నం దాటింది. అందరూ దక్షిణానికే చూస్తున్నారు. కెప్టెన్ జీపు చుట్టూ తిరుగుతున్నాడు, బైనాక్యులర్ ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. ఇంతలో మా వెనక, ఉత్తరం వైపు, జీపు రేకు మీద ఎవరో వేళ్ళతో తట్టారు. తిరిగి చూస్తే సార్జెంటు. ముఖమంతా ఉప్పూ దుమ్మూ.

"ఉస్తాద్, ఇది పరీక్ష కాకపోయుంటే మీరంతా చచ్చేవాళ్ళు," అన్నాడు.

ఆ గాలిదుమారంలో ఒక బండి ఉప్పునేలలో కూరుకుపోయిందట. పైన గట్టిగా పెంకు కట్టి, కింద బురదగా ఉండే నేల అది. దాన్ని లాగుతుంటే తాడు తెగి కెప్టెన్ తమ్ముడి మణికట్టుకి తగిలింది, రేడియో కూడా పగిలింది. బండి తవ్వి తీసేసరికి ఆలస్యమైంది. బళ్ళని గుట్ట అవతల దాచి నడిచి వచ్చారు. వచ్చి కూడా రాళ్ళ వెనక పడుకుని చాలాసేపు మమ్మల్ని చూస్తూ ఉన్నారు.

తమ్ముడు చెయ్యి గుడ్డతో మెడకి కట్టుకుని లేచి వచ్చాడు. అన్న తిరుగుతున్న తిరుగుడంతా అతను చూశాడన్నమాట.

"పిలవొచ్చు కదా," అన్నాడు కెప్టెన్.

"సార్జెంటు లేవమనలేదు," అన్నాడు తమ్ముడు.

కెప్టెన్ గుట్ట వెనక్కి నడిచి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కళ్ళు కడుక్కున్నట్టుంది. పైఅధికారి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

కొన్నాళ్ళకి జట్టు ఉత్తరాన కువైట్ సరిహద్దుకి వెళ్ళింది. మణికట్టు నయం కాకముందే తమ్ముడు కూడా వెళ్తానని పట్టుబడితే వైద్యుడు ఒప్పుకోలేదు, అతని బదులు మరొకడు వెళ్ళాడు. యుద్ధం నడిచినన్నాళ్ళూ నేను స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రాలు రేడియో వింటూ గడిపాను. పెట్టెలు సర్దుకున్న ఇద్దరూ వెళ్ళిపోయారు. మేస్త్రీ, నేను మిగిలాం.

యుద్ధం అయిపోయాక ఒక శుక్రవారం సార్జెంటు మా గదికి వచ్చాడు. మేస్త్రీ మటన్ వండాడు. కారానికి సార్జెంటు కళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. అందరం తిరిగొచ్చామని ముందే చెప్పేశాడు. తర్వాత ఒకరోజు సంగతి చెప్పాడు. వాళ్ళు వల కింద పడుకుని ఉండగా శత్రువుల లారీ ఒకటి దగ్గర్లో ఆగింది. మనుషులు దిగి అన్నం తిన్నారు. ఒకడు వీళ్ళవైపే నడిచి వచ్చి, ఒంటేలు పోసుకుని వెళ్ళాడు.

"డర్ నహీ లగా?" అని మేస్త్రీ తన హిందీలో అడిగాడు.

"భయమేసింది," అన్నాడు సార్జెంటు. "కదల్లేదు."

మేస్త్రీ నా వైపు తిరిగి, "రెండిట్ల ఫరకు ఉన్నదే అన్నా," అన్నాడు.

ఆ ఏడాది చలికాలానికి కెప్టెన్ కొత్త జట్టుని పంపాడు. ఈసారి పాఠం సగం సార్జెంటుకే వదిలేశాను. అతను చెప్తుంటే బండి నీడలో కూర్చుని విన్నాను. వాళ్ళ భాషలో, వాళ్ళ సామెతలతో, నాకన్నా బాగా చెప్పాడు. ఒకచోట మాత్రం తప్పు చెప్పాడు. భోజనాల దగ్గర పక్కకి పిలిచి సరిచేశాను.