పేరులేని డ్రిల్ బిట్లు, ఒక ‘అండీ’

ఇవాళ డ్రిల్ బిట్ల కోసం గుంటూరు వెళ్లాను. నల్లపాడులో మాది కారం మిషన్లు బాగుచేసే షెడ్డు. కొట్లో కంపెనీ పేరు లేని బిట్లు ట్రే నిండా పోసి ఉన్నాయి. అలాంటివి కొనడానికి మాకో పద్ధతి ఉంది. నేను కౌంటర్ అద్దం మీద బిట్టును దొర్లిస్తాను. మా బావ అద్దానికి గడ్డం ఆనించి చూస్తాడు. దొర్లేటప్పుడు కొన ఊగితే అది వంకర. పాతికేళ్లు ఇలాగే కొన్నాం.

ఇవాళ కూడా అలవాటుగా దొర్లించి, “ఎట్టుంది బావా?” అనేశాను.

బావ పోయి నాలుగు నెలలైంది. ఆ సంగతి కొట్టాయనకీ తెలుసు. కౌంటర్ అవతల వంగి, తనే అద్దానికి గడ్డం ఆనించాడు.

“మళ్లీ దొర్లించండి,” అన్నాడు. దొర్లించాను.

“వంకరగా ఉందండీ. ఇది వద్దు, ఇంకోటి తియ్యండి.”

తన సరుకును తనే వద్దనే కొట్టాయన ఎక్కడైనా ఉంటాడా! నవ్వొచ్చింది.

కానీ బావైతే, “ఒరేయ్, నిదానంగా దొర్లించరా, నీ తొందర తగలెయ్య!” అని కొట్టంతా వినపడేలా అరిచేవాడు. కొట్టాయన ఎంతో మర్యాదగా ‘అండీ’ అన్నాడు.

మిమ్మల్ని ఇంకా ‘ఒరేయ్’ అనేవాళ్లు ఎంతమంది మిగిలారు? నాకు బావొక్కడే ఉండేవాడు.