మీటరుకు మంచి గాలి

పటాన్‌చెరులో గ్యాస్ పైపుల మీథేన్ లీకులు కొలవడం నా ఉద్యోగం. ఆ ఉదయం వాల్వు గదిలో ముక్కుకు వాసన తగులుతోంది, మీటరు మాత్రం సున్నా చూపిస్తోంది. ‘లీకు లేదు’ అని రాద్దామంటే పక్కనే కూలీల షెడ్లున్నాయి. ఏం తోచక సంగారెడ్డి ఆఫీసుకు బస్సెక్కాను. పక్కసీటు పెద్దాయన నా చేతిలో మీటరు చూసి ఏమైందని అడిగితే, సంగతి చెప్పాను.

"యాడ ఆన్ చేసినవ్ బిడ్డా?"

"ఆ వాల్వు గదిలోనే."

"గదే తప్పు. ఆన్ చేసిన కాడి గాలినే అది మంచి గాలి అనుకుంటది. నేను సుత గీ పనిల గిట్లనే పరేషానైన. జెర పొలాల కాడ ఆన్ చేసుకొని పో."

దారిలో కంది ఊరి దగ్గర దిగిపోయి, చేను గట్టున మీటరు ఆన్ చేసి, వెనక్కి వెళ్లాను. గదిలో అడుగుపెట్టగానే అది కూత పెట్టింది. లీకు దొరికిందని అంతగా ఊపిరి పీల్చుకున్నది ఆ రోజే.

ఇప్పుడు మీటరు ఆన్ చేసే ముందు నేనే ఒకసారి గాలి పీల్చి చూస్తాను.