నట్టు రెండు మరల మీద

మా మామకు నోటికంటే చెయ్యి ముందు లేస్తుంది. కార్ల కరెంటు పనిలో ఆయనంతటివాడు మా బజారులో లేడు, ఒప్పుకుంటాను. కానీ బల్బు వెలగకపోతే బల్బును కొట్టేవాడు, బ్యాటరీ మొరాయిస్తే తన్నేవాడు. అవేవీ అందకపోతే నేనున్నాను కదా! పదిహేనేళ్ళు ఆయన దగ్గర తన్నులు తిన్నాను. పైగా సిగ్గు లేకుండా, అందుకే నాకు పని వచ్చిందని పదిమందికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

ఆయన కూతురు, అంటే నా మరదలు, మాతోపాటే షాపులో పనిచేసేది. ముప్పై దగ్గరపడిన మనిషి. ఆ సోమవారం షట్టరు ఎత్తగానే తండ్రి ముఖంమీదే చెప్పేసింది.

"నాన్నా, ఇన్నాళ్ళూ పడ్డాను. ఇంకొక్క దెబ్బ పడిందో, పై వీధి షాపుకి వెళ్ళిపోతా. వాళ్ళు ఎప్పట్నించో పిలుస్తున్నారు."

"పోతే పోవే! నువ్వు లేకపోతే నాకు గడవదా?" అని మామ ఎగిరాడు.

గడవదని ఆయనకూ తెలుసు. ఏడాదిగా ఆయన చేతులు వణుకుతున్నాయి, సన్నపనంతా ఆమే చేస్తోంది.

పదింటికి ఓ ముసలి డ్రైవరు తన పాతకారు తెచ్చాడు. యాభై ఏళ్ళ బండి, కన్నబిడ్డలా చూసుకుంటాడు. మలుపు తిరిగాక ఇండికేటర్ పుల్ల దానంతటది వెనక్కి రావాలి, అది రావడం మానేసింది. ఎడమ దీపం మిణుకుమంటూనే ఉండగా ఈయన తిన్నగా పోయాడు. ఎడమకు తిరుగుతాడనుకుని పక్కవీధిలోంచి లారీవాడు బయటికొచ్చి గుద్దేశాడు. తలుపు చొట్టపోయింది. చాలదన్నట్టు లారీవాడు దిగి ముసలాయన్ని నాలుగు పీకాడు. పెదవి ఇంకా వాచే ఉంది.

స్టీరింగ్ చక్రం కింద ఓ ప్లాస్టిక్ రింగు ఉంటుంది. దాని బొడిపెలు తగిలితేనే పుల్ల వెనక్కి వస్తుంది. అవి అరిగిపోయాయి. కొత్త రింగు ఆయనే ఎక్కడో సంపాదించి తెచ్చాడు. అది వెయ్యాలంటే చక్రం ఊడదీయాలి. పాతబండిలో చక్రం బిగుసుకుపోయి ఉంటుంది, అందుకని మధ్య నట్టును పూర్తిగా తియ్యకుండా రెండు మరల మీద, అంటే రెండు చుట్లు బిగించి ఉంచి లాగుతాం. లేకపోతే ఊడిన చక్రం నేరుగా మూతిమీదికే వస్తుంది. మామ ఆ నట్టు కాస్తా తీసి జేబులో వేసుకున్నాడు.

"నాన్నా, నట్టు రెండు మరలెక్కించి లాగు."

"నాకే నేర్పుతున్నావా?"

చేతిలో పానా విసిరాడు. ఆమె కనుబొమ చిట్లి రక్తం చొక్కామీదికి కారింది. నేను లైటు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను, అంతే.

మామ సీట్లో కూర్చుని, మోకాళ్ళు ఆనించి, బలమంతా పెట్టి గుంజాడు. మూడో గుంజుకు చక్రం ఊడి మూతికి కొట్టింది. ముందుపళ్ళు రెండు ఒళ్ళో పడ్డాయి. బాగా అయిందనుకున్నాను. అబద్ధమెందుకు, సంతోషమే వేసింది.

ఆయన నెత్తురు ఉమ్ముతూ దిగి, ఆ చక్రమే కూతురి తలమీదికి ఎత్తాడు. "నీ పాడునోరే నన్నింత చేసిందే!"

ఆమె ఆయన మణికట్టు పట్టుకుని మెలితిప్పింది. చక్రం కిందపడింది. మామ కెవ్వుమన్నాడు. ఆ చెయ్యి పట్టుకోవచ్చని పదిహేనేళ్ళలో నాకు ఒక్కసారైనా తట్టలేదు.

నుదుటికి గుడ్డ కట్టుకుని ఆమే కొత్త రింగు వేసింది, చక్రం బిగించింది. రెండువైపులా తిప్పి చూస్తే పుల్ల టక్కున వెనక్కొచ్చింది. "దీనివల్లైతే ఇంక మిమ్మల్నెవరూ కొట్టరు తాతగారూ" అని తాళం ఇచ్చి పంపేసింది. తన పానాల సంచి భుజానికి వేసుకుని నా దగ్గర ఆగింది.

"నువ్వూ రా బావా. అక్కడ ఇద్దరికీ పనుంది."

నేను మామవైపు చూశాను. ఆమె నావైపు చూసి వెళ్ళిపోయింది.

"పోనీరా, నువ్వున్నావుగా" అన్నాడు మామ, పళ్ళూడిన నోటితో.

"తప్పు నీదే మామా." పుట్టి బుద్ధెరిగాక ఆయనతో అలా అనడం అదే మొదలు.

చెంప పేలిపోయింది. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది, మర్నాడు ఎనిమిదింటికి వెళ్ళి షాపు తెరిచింది నేనే.