పచ్చిపిండిని తిప్పే పంతం

అమెరికాలో నేను నర్సుగా పనిచేసే ఊరు చాలా చిన్నది. ఒక్కటే పెద్ద వీధి, దాని చివర ఒక గాలిమర. ఎప్పుడో డెన్మార్కు నుంచి వచ్చి అక్కడ సేద్యం చేసుకున్నవాళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళే ఊరంతా. వేసవిలో రెండు రోజులు ఊరి పండుగ చేస్తారు. ఆ రెండు రోజులూ చర్చి వంటగదిలో డెబ్భై దాటిన ఆడవాళ్ళు వరసగా నిలబడి, గుంటలున్న ఇనప పెనాల మీద తియ్యటి ఉండలు కాలుస్తారు. పంచదార పొడి చల్లి, పళ్ళ జాముతో పెడతారు.

మొదటిసారి ఆ పెనం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం మన గుంత పొంగణాల పెనమే! "ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు" అని గొప్పలు పోయాను. ఒక పెనం ఇచ్చారు. అడుగు బాగా కాలేదాకా ఆగి, చెంచాతో బోర్లించాను. ఒకవైపు గుండ్రం, ఒకవైపు బల్లపరుపు. వాళ్ళవి బంతుల్లా ఉన్నాయి. వంటగది పెత్తనమంతా ఎనభై దాటిన ఒక పెద్దావిడది. ఆవిడ నా ఉండలు ఒకసారి చూసి, నన్ను జాము వడ్డించే బల్ల దగ్గరికి పంపింది. రెండు రోజులూ నవ్వుతూనే వడ్డించాను గానీ ఒళ్ళు మండిపోయింది. వచ్చే ఏడాది ఆ పొయ్యి దగ్గరే నిలబడతానని ఒట్టు పెట్టుకున్నాను.

మరుసటి ఏడు పండుగకు ముందు సెలవు మీద నరసరావుపేట వచ్చాను. మా అక్కకి అక్కడ టిఫిన్ సెంటరు ఉంది. పొద్దుటి రద్దీ తగ్గాక ఒక పొయ్యి, పొంగణాల పెనం నాకిమ్మన్నాను. మైదా, గుడ్లు, మజ్జిగ కలిపాను. ఫ్యాన్సీ షాపులో స్వెట్టర్లు అల్లే సూది కొన్నాను. అంచు గట్టిపడగానే, లోపల పిండి ఇంకా జారుతుండగానే, ఆ సూదితో పావు వంతు తిప్పాలి. జారిన పిండి గుంటలో పడి కాలుతుంది. మళ్ళీ పావు. జాము వడ్డిస్తూ ఇదంతా కళ్ళారా చూశాను. కానీ కాలేదాకా ముట్టుకోవద్దని తిట్లు తిని పెరిగిన చెయ్యి, మాట వినదు.

మా అక్క నెత్తి కొట్టుకుంది. "ఏందే నువ్వు చేసేది? పచ్చిపిండిని కెలుకుతావేంది! కాలనియ్యవే!"

"కాలితే ఇంక గుండ్రంగా రాదక్కా."

"ఎవురు చెప్పారే నీకు? ఇయ్యి గేదెలు గూడా తినవు."

మొదటి వారం అన్నీ ముద్దలే. రెండో వారం ఒకటి తిరిగింది. సెలవు అయిపోయేలోపు ఏడు గుంటల్లో ఏడు బంతులు లేచాయి. అక్క ఒకటి విరిచి, అల్లం పచ్చడిలో ముంచుకుని తిన్నది. "చానా బాగుందే. చెయ్యి కుదిరింది" అంది. నాకు ఏడుపొచ్చింది.

పండుగనాడు ఎవరినీ అడగకుండా పొయ్యి మీద పెనం పెట్టాను. పెద్దావిడ పక్కనే నిలబడి చూసింది. మొదటి బంతిని విరిచి లోపలంతా పరీక్షించింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. పొయ్యి వెలుగుతుండగా ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మా వరసలో ఏడాదికొకరు తగ్గుతున్నారు" అంది. "మా అమ్మాయిలకి నేర్చుకునే ఓపిక లేదు. నా మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. నా చోట ఎవరైనా నిలబడతారా అని చూస్తూ ఉన్నాను."

నేను నేర్చుకున్నది ఏడాదంతా ఆవిడ మీద పెంచుకున్న కోపంతోనే. పిండి బక్కెట్టు ఖాళీ అయ్యేదాకా ఆ పొయ్యి దగ్గర నుంచి నేను కదల్లేదు, ఆవిడని లేవనివ్వలేదు.